ఆ అర సీసీ మందులో ఏముంది?

క్రితం నెలలో ఒక బుధవారం మా ఆసుపత్రికి ఒక పెద్దాయన కూతురితో, మనవడితో వచ్చారు. రిటైరయిన లెక్కల మాస్టారు. పిల్లవాడికి ఆరు వారాలు నిండాయి, పెంటావాలెంట్ టీకా వేయించాలి. సిస్టరు సీసాలోంచి సిరంజిలోకి మందు తీస్తుంటే మాస్టారు నా బల్ల దగ్గరకు వచ్చి, చుట్టూ ఒకసారి చూసి, మెల్లగా అడిగారు.

"డాక్టరు గారూ, తప్పుగా అనుకోవద్దు. ఆ అర సీసీ మందులో ఏముందో మీరు ఎప్పుడైనా కళ్ళతో చూశారా?"

"లేదండీ," అన్నాను. ఉన్నమాట అదే.

"మరి చూసినవాళ్ళెవరు? ఎలా చూశారు?"

బయట తల్లులు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని బారుగా కూర్చుని ఉన్నారు. రెండు ముక్కల్లో ఏదో చెప్పి పంపాను. ఆయన తల ఊపారు గాని తృప్తిపడలేదు. లెక్కల మాస్టారు కదా, జవాబొక్కటే చాలదు, లెక్క చేసిన పద్ధతి కూడా చూపించాలి. ఆ పద్ధతి ఈ వారం చెబుతాను. 2021లో కరోనా టీకాలు వేస్తున్నప్పటి నుంచి ఈ ప్రశ్న చాలామంది మనసులో ఉంది. జవాబు దొరకని ప్రశ్న కొన్నాళ్ళకు భయమవుతుంది. ఆ భయంతో టీకా మానేస్తే నష్టపోయేది ఇంట్లోని పసివాళ్ళు.

వంటింటి విద్యే

ఒక మిశ్రమంలో ఏమేమి ఉన్నాయో తెలియాలంటే ముందు వాటిని విడదీయాలి. ఈ విద్య ఆడవాళ్ళకు కొత్తేమీ కాదు. చేటతో చెరిగితే పొట్టు ఎగిరిపోయి బియ్యం మిగులుతాయి. అది బరువులో తేడా. జల్లెడ పడితే పిండి కిందికి, నూక పైకి. అది పరిమాణంలో తేడా. మజ్జిగ చిలికితే వెన్న పైకి తేలుతుంది. అది కొవ్వుకూ నీటికీ పడకపోవడం. రెండు పదార్థాల మధ్య ఏదో ఒక తేడా ఉంటే చాలు, ఆ తేడాను పట్టుకుని వాటిని విడదీయవచ్చు. పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో జరిగేది కూడా ఇదే.

మీ పిల్లలతో ఒక చిన్న ప్రయోగం చేయించండి. తెల్లని సుద్దముక్క మీద, అడుగునుంచి ఒక అంగుళం పైన, నల్ల స్కెచ్ పెన్నుతో చుట్టూ ఒక గీత గీయించండి. సాసరులో కొంచెం నీళ్ళు పోసి సుద్దముక్కను నిలబెట్టండి. నీళ్ళు గీతకు తగలకూడదు. కాసేపటికి నీరు సుద్దలో పైకి పాకుతుంది. దానితోపాటు నల్ల రంగు నీలంగా, ఎర్రగా, పచ్చగా విడిపోవడం మొదలవుతుంది. మనం నలుపనుకున్నది నిజానికి రెండు మూడు రంగుల కలయిక. సుద్దను గట్టిగా పట్టుకునే రంగు వెనకపడింది, నీటితో పోవడానికి ఇష్టపడే రంగు ముందుకు పోయింది.

రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెత్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చేసింది సరిగ్గా ఇదే. గాజు గొట్టంలో సుద్దపొడి కూరి, పైనుంచి ఆకు పసరు పోశాడు. ఆకుపచ్చ, పసుపు పట్టీలు ఒకదాని కింద ఒకటి విడిపోయాయి. 1906లో ఈ పద్ధతికి 'క్రొమాటోగ్రఫీ' అని పేరు పెట్టాడు, అంటే రంగుల రాత. విచిత్రమేమంటే రష్యన్ భాషలో ఆయన ఇంటిపేరుకు అర్థం కూడా రంగు అనే. తరువాత ఈ విద్యను ఇంకా ముందుకు తీసుకుపోయిన మార్టిన్, సింజ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులకు 1952లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాడు టీకాల కంపెనీల్లో ఉన్న లక్షల ఖరీదు యంత్రాలన్నీ ఆ సుద్ద గొట్టానికి మనవలూ మునిమనవలే.

మిల్లీమీటరులో 45 వేలు

మాస్టారి మనవడికి వేసిన పెంటావాలెంట్ టీకా కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హిబ్ జబ్బులతోపాటు బి రకం కామెర్లనూ ఆపుతుంది. ఆ బి రకం కామెర్ల భాగం గురించి చెబుతాను. అందులో వైరస్ ఉండదు. వైరస్ పైతొడుగు లాంటి ఖాళీ గోళీలు మాత్రం ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 22 నానోమీటర్లు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. అంటే ఆ గోళీలను పక్కపక్కన పేరిస్తే ఒక్క మిల్లీమీటరులో 45 వేల దాకా పడతాయి. మామూలు సూక్ష్మదర్శినిలో కూడా అవి కనిపించవు. వీటినే నానో కణాలంటారు. లోపల వైరస్ జీవపదార్థం లేదు కాబట్టి ఇవి జబ్బు చేయలేవు. కాని పైతొడుగు అచ్చం వైరస్‌దే కాబట్టి మన ఒంటిలోని రక్షకభటులు దాన్ని చూసి గుర్తు పెట్టుకుంటారు.

ఈ గోళీలను మొదట రోగుల రక్తంలోనే కనిపెట్టారు. 1960లలో బరూచ్ బ్లంబర్గ్ అనే అమెరికన్ డాక్టరు ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంలో ఒక కొత్త పదార్థం చూశాడు. అది బి రకం కామెర్ల వైరస్ పైతొడుగని తరువాత తేలింది. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అమెరికాలో 1981లో అనుమతి పొందిన మొదటి టీకాను రోగుల రక్తంలోంచే వేరుచేసి తయారు చేశారు. రక్తమంటే జనం జంకారు. 1986లో ఆ తొడుగును తయారు చేసే జన్యువును ఈస్టులో పెట్టి, ఈస్టు చేతనే గోళీలు చేయించిన టీకా వచ్చింది. మన హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈ పద్ధతిలోనే దేశీయ టీకా విడుదల చేసింది. అంతదాకా విదేశీ టీకా ఖరీదు చూసి వెనక్కి తగ్గిన మధ్యతరగతి ఇళ్ళకు అది అందుబాటులోకి వచ్చింది.

ఇక్కడే చిక్కు ఉంది. ఈస్టు కణాన్ని పగలగొట్టినప్పుడు గోళీలు ఒక్కటే బయటికి రావు. ఈస్టు ప్రోటీన్లు, కొవ్వులు, జన్యుపదార్థం అన్నీ కలిసి చిక్కని పులుసులా వస్తాయి. అందులోంచి గోళీలను ఏరాలి, ఏరిన తరువాత ఇంకేమీ మిగల్లేదని రుజువు చూపాలి. ఏరడం ఒక పని, రుజువు చూపడం ఇంకొక పని. ఎంజెరిక్స్-బి అనే పేరున్న టీకాతో వచ్చే కాగితం చూడండి: ఈస్టు ప్రోటీను 5 శాతానికి మించదని రాసి ఉంటుంది. ఆ '5 శాతం' అనే మాట వెనక ఉన్నదే ఈ విడదీసే విద్య.

రథం ముందు, పిల్లలు వెనక

గోళీలను పరీక్షించే ఒక ముఖ్య పద్ధతి చెబుతాను. సన్నని ఉక్కు గొట్టంలో బహు చిన్న పూసలు కూరి ఉంటాయి. ప్రతి పూసకూ కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. పైనుంచి టీకా ద్రవం పంపుతారు. జల్లెడలో అయితే చిన్నవి ముందు దిగుతాయి. ఇక్కడ తిరకాసు, పెద్దవి ముందు వస్తాయి!

మన ఊరి తిరునాళ్ళు తలచుకోండి. రథం పెద్దది, సందుల్లోకి పోలేదు కాబట్టి పెద్ద వీధినే తిన్నగా ఆలయం దగ్గరకు వచ్చేస్తుంది. పిల్లలు ప్రతి సందులోకీ దూరి, ప్రతి అంగడి ముందూ నిలబడి, అందరికన్నా ఆఖరున వస్తారు. గొట్టంలోనూ అంతే. 22 నానోమీటర్ల గోళీ రంధ్రాల్లోకి దూరలేక ముందు బయటపడుతుంది. చిన్న ప్రోటీను ముక్కలు ప్రతి రంధ్రంలోకీ వెళ్ళి వస్తూ ఆలస్యంగా వస్తాయి. గోళీలు కొన్ని అతుక్కుని ఉండకట్టి ఉంటే అవి ఇంకా ముందు వస్తాయి. గొట్టం చివర ఒక అతినీల లోహిత దీపం ఉంటుంది. ఏదైనా వచ్చినప్పుడల్లా కాగితం మీద ఒక గుట్ట గీస్తుంది. మంచి టీకాకు ఒకే ఒక్క నిటారు గుట్ట. పక్కన ఇంకొక చిన్న గుట్ట లేచిందంటే ఆ బ్యాచి సంగతి తేలేదాకా బయటికి రాకూడదు.

మెత్తని కణాలు పూసల మధ్య ఒరుసుకుని చెదిరిపోవచ్చు. వాటికోసం పూసలే లేని పద్ధతి ఒకటుంది. దాన్ని 1966లో అమెరికాలో కాల్విన్ గిడ్డింగ్స్ ప్రతిపాదించాడు. పంటకాలువ చూసినవారికి ఇది సులువుగా తెలుస్తుంది. కాలువలో గట్టు దగ్గర నీరు నెమ్మది, నడిమిలో వడి. సన్నని కాలువలో ద్రవం పారిస్తూ, అడ్డంగా ఇంకొక ప్రవాహంతో కణాలను గట్టువైపు నెడతారు. చిన్న కణాలు చురుకైనవి కాబట్టి గట్టు వదిలి నడిమి వడిలోకి చేరి ముందు పోతాయి. పెద్దవి గట్టునే అంటిపెట్టుకుని వెనకపడతాయి.

బరువును బట్టి వేరుచేసే పద్ధతికీ ఒక మంచి కథ ఉంది. 1960లలో అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో నార్మన్ ఆండర్సన్ అనే శాస్త్రజ్ఞుడు, యురేనియం శుద్ధికోసం పెంపొందించిన గిరగిర తిరిగే యంత్రాల విద్యను వైరస్‌లను ఏరడానికి మళ్ళించాడు. గుడ్లలో పెంచే ఫ్లూ టీకాలోని గుడ్డు ప్రోటీను దానివల్ల బాగా తగ్గింది, టీకా వేసిన తరువాత జ్వరాలూ తగ్గాయి. బాంబుకోసం పుట్టిన విద్య చేతికి వేసే సూదికి పనికి వచ్చింది.

నాలుగు కొవ్వులూ ఒక చీటీ

కరోనా కాలంలో విదేశాల్లో కోట్ల మందికి వేసిన ఎం.ఆర్.ఎన్.ఏ. టీకాలు కూడా నానో కణాలే. వీటి పరిమాణం సుమారు 100 నానోమీటర్లు. అమెరికాలో ఉన్న మీ అబ్బాయీ కోడలూ వేయించుకున్నది బహుశా ఇదే. లోపల ఒక చీటీ ఉంటుంది. ఫలానా ప్రోటీను ఇలా తయారు చేయమని మన కణానికి చెప్పే చీటీ అది. చీటీ నలిగిపోకుండా చుట్టూ నాలుగు రకాల కొవ్వులు పొట్లం కట్టి ఉంటాయి. వాటిలో ఒకటి కొలెస్టరాలు!

"అమ్మో, నాకసలే బి.పి. ఉంది, ఆ కొలెస్టరాలు ఎందుకండీ?" అని నన్ను అడిగినవారున్నారు. ఫైజరు కంపెనీ పెద్దల డోసులో కొలెస్టరాలు 0.2 మిల్లీగ్రాములు. ఒక కోడిగుడ్డు పచ్చసొనలో సుమారు 200 మిల్లీగ్రాములు. అంటే ఒక గుడ్డులో వెయ్యో వంతు. పదార్థం పేరు విని బెదరడానికి ముందు అది ఎంత ఉందో అడగాలి.

ఆ 0.2 ఎలా తెలిసింది? నాలుగు కొవ్వులనూ గొట్టంలో విడదీసి విడివిడిగా తూచారు కాబట్టి. కొవ్వులు అతినీల లోహిత దీపానికి సరిగా చిక్కవు. అందుకని గొట్టంలోంచి వచ్చే ద్రవాన్ని తుంపరగా చల్లి, ఆరబెట్టి, మిగిలిన ధూళి రేణువులకు విద్యుదావేశం ఎక్కించి కొలుస్తారు. నాలుగు గుట్టలు వస్తాయి. వాటి నిష్పత్తి తప్పితే పొట్లం సరిగా కట్టుకోదు.

చీటీ సంగతి కూడా అంతే. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసేటప్పుడు కొన్ని చీటీలు జంట పోగులుగా మారతాయి. ఒంటికి అవి వైరస్‌లా కనిపించి అనవసరంగా మంట పుట్టిస్తాయి. కటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ బృందం 2011లో ఈ గొట్టాల పద్ధతితోనే జంట పోగులను ఏరివేసి చూపింది. ఏరివేశాక మంట తగ్గింది, ప్రోటీను తయారీ పెరిగింది. చీటీలోని అక్షరాలను మార్చి ఈ టీకాలకు దారి వేసినందుకు ఆ ఇద్దరికీ 2023లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఒక జల్లెడ చాలదు

మాస్టారు ఇంకొక ప్రశ్న అడగవచ్చు: "ఇన్ని పద్ధతులెందుకు? ఒక్కటి చాలదా?" చాలదనడానికి ఒక నిజమైన సంగతి ఉంది.

మోడర్నా కంపెనీ శాస్త్రజ్ఞులు 2021లో ఒక విషయం ప్రచురించారు. పొట్లం కట్టే కొవ్వుల్లో ఒకటి కొద్దిగా చెడినప్పుడు దాని తునక చీటీకి అతుక్కుంటుంది. కాగితం మీద నూనె మరక పడ్డట్టే. మరక పడిన చీటీని కణం చదవలేదు, ఆ చీటీ వృథా. అంతకుముందు వాడుతున్న మామూలు పరీక్షలకు ఇది దొరకలేదు. మరక పడినా చీటీ పొడవు మారదు కదా! కొవ్వుతో స్నేహం చేసే పూసలున్న గొట్టంలోంచి పంపితే మాత్రం మంచి చీటీ వెళ్ళిపోయింది, జిడ్డంటిన చీటీ పూసలను పట్టుకుని ఆలస్యంగా వచ్చింది. కాగితం మీద ఇంకొక గుట్ట లేచింది. కొవ్వులు ఎంత శుద్ధంగా ఉండాలో, టీకాను ఎంత చల్లగా ఉంచాలో నిర్ణయించడానికి ఆ చిన్న గుట్ట తోడ్పడింది.

జల్లెడకు దొరకని రాయి చేటకు దొరుకుతుంది. అందుకే పరిమాణం, బరువు, విద్యుదావేశం, కొవ్వుతో పొత్తు ఇలా వేరువేరు తేడాల మీద వేరువేరు పరీక్షలు చేస్తారు. కంపెనీ పరీక్షతో సరిపోదు, ప్రభుత్వ ప్రయోగశాల కూడా చూడాలి. మన దేశంలో టీకా బ్యాచిలను పరీక్షించేది హిమాచల్ ప్రదేశ్‌లోని కసౌలీలో ఉన్న కేంద్ర ఔషధ ప్రయోగశాల.

నా చేతిలో జరిగిన పొరపాటు

ఇంత శ్రద్ధగా తయారైన టీకా ఫ్యాక్టరీ దాటాక మా చేతుల్లోకి వస్తుంది. అప్పుడు ఏమవుతుందో నా అనుభవం చెబుతాను.

నా ఉద్యోగం కొత్తలో ఏజెన్సీ ప్రాంతంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. కరెంటు తరచూ పోయేది. ఒకసారి మా అటెండరు, టీకాలు వేడెక్కుతాయేమోనని డి.పి.టి. సీసాల పెట్టెను గడ్డకట్టించే అరలో పెట్టాడు. మర్నాడు తీసి మామూలు అరలో సర్దేశాడు. అతని ఉద్దేశం మంచిదే. ఆ సంగతి రెండు వారాల తరువాత మాటల్లో బయటపడింది. ఈలోగా ఆ పెట్టెలోంచి పద్నాలుగు మంది పిల్లలకు టీకా వేసేశాం. అర చూసుకోవలసిన బాధ్యత నాది, నేను చూడలేదు.

డి.పి.టి., పెంటావాలెంట్, బి రకం కామెర్ల టీకాలు అల్యూమినియం లవణపు రేణువులకు అతుక్కుని ఉంటాయి. ఒకసారి గడ్డకడితే ఆ రేణువులు ఉండలు కట్టి టీకా బలం తగ్గుతుంది. కరిగాక చూస్తే సీసా మామూలుగానే ఉంటుంది. తేడా తెలుసుకోవడానికి మాకు నేర్పిన పరీక్ష ఒకటుంది. అదే బ్యాచి సీసా ఒకటి కావాలని గడ్డకట్టించి కరిగించాను. దాన్నీ, అనుమానం ఉన్న సీసానూ కలిపి కుదిపి బల్ల మీద పక్కపక్కన పెట్టాను. మంచి టీకా చాలాసేపు మజ్జిగలా కలిసే ఉంటుంది. చెడినది త్వరగా అడుగుకు దిగి పైన నీరు తేరుతుంది. పావుగంటలో రెండు సీసాలూ ఒక్కలాగే తేరుకున్నాయి. ఏ యంత్రమూ లేదు. రెండు సీసాలు, ఒక గడియారం, అంతే. ఇది కూడా విడదీసే విద్యే, అందరికన్నా పేదది.

రిజిస్టరు తీసి పద్నాలుగు పేర్లూ రాసుకుని, కొంత దూరం జీపులో, కొంత నడిచి, ఇళ్ళకు వెళ్ళి మళ్ళీ టీకా వేశాం. "మళ్ళీ ఎందుకయ్యా?" అని ఒక తల్లి అడిగింది. "మొదటి మందు చెడిపోయిందమ్మా, తప్పు మాది," అన్నాను. ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసి పిల్లవాడి చొక్కా పైకెత్తింది. అబద్ధం చెప్పి ఉంటే ఆ గూడెంలో మా మాట మళ్ళీ ఎవరూ నమ్మేవారు కాదు.

మీరు చేయవలసినవి

టీకాను మందుల షాపులో కొని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళేటప్పుడు షాపువారు ఫ్రిజ్‌లోంచి తీసి ఇవ్వడం మీరే చూడండి. దారిలో మంచుగడ్డను సీసాకు నేరుగా ఆనించవద్దు. ఇంట్లో గడ్డకట్టే అరలో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టవద్దు. వీలైతే అసలు ఇంటికే తేవద్దు. ఈ టీకాలకు ఉండవలసిన చల్లదనం 2 నుంచి 8 డిగ్రీలు.

చాలా సీసాల మీద ఒక వృత్తం, అందులో చిన్న చదరం ఉంటాయి. చదరం రంగు వృత్తం కన్నా లేతగా ఉంటే వాడవచ్చు. రెండూ ఒకే రంగులో ఉన్నా, చదరం ముదిరినా ఆ సీసా వద్దనండి. ఇది వేడి తగిలిందో లేదో చెబుతుంది గాని గడ్డకట్టిందో లేదో చెప్పదు.

టీకా కార్డు మీద బ్యాచి నంబరు, తేదీ రాయించుకోండి. ఆనాడు నాకు ఆ పద్నాలుగు మంది దొరికింది రిజిస్టరు ఉండబట్టే.

బి రకం కామెర్ల టీకా మొదటి మోతాదు బిడ్డ పుట్టిన 24 గంటల్లోగా పడాలి. తరువాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్‌లో కలిసి వస్తుంది. కాన్పు ఆసుపత్రి నుంచి వచ్చేముందు "ఆ టీకా వేశారా?" అని గుర్తుగా అడగండి.

టీకా వేయించాక అరగంట అక్కడే కూర్చోండి. ఒకటి రెండు రోజులు కొద్ది జ్వరం, సూది వేసినచోట వాపు సహజం. జ్వరం ఎక్కువై తగ్గకపోయినా, బిడ్డ ఆపకుండా గంటల తరబడి ఏడ్చినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మాస్టారు మొన్న బుధవారం మనవడి రెండో మోతాదుకు వచ్చారు. ఈసారి నన్నేమీ అడగలేదు. సిస్టరు దగ్గర సీసా తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, చదరం రంగు చూశారు. బ్యాచి నంబరు కార్డు మీద తనే రాసుకున్నారు. సీసా తిరిగి ఇస్తూ, "వేయండమ్మా," అన్నారు.

మీరూ అలాగే చూడండి, అడగండి. అడిగితే మేము కోప్పడం. ఒకవేళ ఎవరైనా కోప్పడినా, అడగడం మానవద్దు.